ఆంగ్లవారపత్రికలలోని గూఢశక్తి చిత్రకథలు: ఉత్సర్గాపవాద విచారము

ప్రస్తావము

ఇంగ్లండు దేశమున 1950 మొదలు 1980 వఱకు గల కాలమున బాలురకై వారవారమును వెలువడుచుండిన చిత్రకథాపత్రికలు పెక్కులు గలవు. యుద్ధము, క్రీడలు, అపరాధపరిశోధనము మున్నగువానితోపాటు మంత్రము, శాపము, అద్భుతమణి, అమరత్వము అనువాని నాధారముగా గొని నడచిన సాహసకథలును వానియందు ప్రకటింపబడుచుండెను. అట్టివానిలో మూడింటిని గైకొని, అసంభవమైన విషయమును ఆ కథకులు నమ్మదగినట్లుగా నెట్లు నిలిపిరో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

పరిశోధనపత్రికలో బాలుర బొమ్మల కథలకు దావేల యని విజ్ఞులు శంకింపవచ్చును. దానికి నా సమాధానమును కొంత నా బాల్యవృత్తాంతముతో గలిపి చెప్పవలసియున్నది.

నేను పండ్రెండవయేట లఘుకౌముది చదువుచుంటిని. మా యూర పాత కాగితములను తూకమునకు గొని పొట్లములు కట్టువారి కమ్ము కొట్టొకటి యుండెను. అందు 'లయన్' అను నాంగ్లవారపత్రికయొక్క సంచిక యొకటి నాకు దొరకెను. నాకు వచ్చిన ఇంగ్లీషు స్వల్పము. తక్కినది బొమ్మలే చెప్పినవి. అందలి కథానాయకుని పేరు ఆడమ్ ఎటర్నో. ఆ కాగితమును కౌముదిలో దాచి చదువుచుండగా మా గురువుగారు చూచిరి. కోపింతురని వణకితిని. వారు కండ్లజోడు సవరించుకొని, "ఇందేమున్నదిరా?" యని యడిగిరి.

"ఈయనకు చావు లేదటండి. అచ్చముగా బంగారముతో చేసిన యాయుధము తగిలిననే చచ్చునటండి" యని చెప్పితిని.

"బాగున్నదిరా. ఉత్సర్గమును జెప్పి దాని కపవాదమును గూడ జెప్పినారు. మఱి ఇనుపకత్తికి బంగారుపూత పూసి పొడిచినచో నేమగును?"

"తెలియదండి. తరువాతి సంచిక లేదండి."

"తెలిసినపుడు వచ్చి చెప్పుము" అని వారు నవ్వి కాగితమును మరల నా చేతికిచ్చిరి. ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నాకు నలువదియేండ్లకు దగ్గఱగా పట్టినది. అది యేమో యథావసరముగా విన్నవించెదను.

నామవిచారము

ఇంగ్లీషువారు ఈ పత్రికలను 'కామిక్' లందురు. హాస్యసంబంధి యనుట యా పదమునకు యోగార్థము. 1890లో ఆల్ఫ్రెడ్ హామ్స్‌వర్త్ అను ప్రకాశకుడు 'కామిక్ కట్స్' అను పేర నరపెనీ వెలకు పత్రిక నొకదానిని వెలువరించెను. ఆనాటి బొమ్మలు నవ్వు పుట్టించునవియే. తరువాతి కాలమున వీరభయానకాద్భుతములు ప్రధానములైన కథలు వచ్చినను పేరు మాఱలేదు. కుశలశబ్దము దర్భలు కోయువానిని విడిచి నేర్పరియందు రూఢమైనట్లే కామిక్ శబ్దమును హాస్యమును విడిచి చిత్రకథామాత్రమున రూఢమైనది. ఇక మంత్రతంత్రాదులకు వారు వాడు 'అకల్ట్' అను పదము లాటిను భాషనుండి వచ్చినది. కప్పబడినది, దాచబడినది యని దాని యర్థము. కావున నేనీ కథలను గూఢశక్తికథలని వ్యవహరించుచున్నాను.

పూర్వరంగము

ఈ చిత్రకథలు నిర్మూలముగా బుట్టినవి గావు. గూఢశక్తులను శాస్త్రజ్ఞునివలె పరీక్షించి శమింపజేయు పాత్ర ఆంగ్లగద్యకథలలో నంతకుముందే స్థిరపడినది. షెరిడన్ లె ఫాను 1872లో ప్రకటించిన 'ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ' యను కథాసంపుటియందలి వైద్యుడు హెసెలియస్, ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ 1908లో ప్రకటించిన కథలలోని జాన్ సైలెన్స్, విలియమ్ హోప్ హాడ్జ్‌సన్ సృజించిన కార్నాకీ, వీరందఱు నిట్టివారే. 1934లో డెనిస్ వీట్లీ వ్రాసిన 'ది డెవిల్ రైడ్స్ అవుట్' అను నవల మిక్కిలి వ్యాప్తి గాంచెను. అది 1968లో చలనచిత్రముగా వచ్చినది. ఆ మఱుసటి యేడే మనము చెప్పుకొనబోవు మాంత్రికుడు చిత్రకథలో నవతరించెను.

ఈ కథల స్వరూపమును నిర్ణయించిన మఱియొక హేతువు శాసనము. అమెరికాలో నచ్చైన బీభత్సచిత్రకథలు 1950 ప్రాంతమున బ్రిటనులో వ్యాపింపగా నుపాధ్యాయులును మతాచార్యులును వానిని గట్టిగా ప్రతిఘటించిరి. తత్ఫలితముగా 1955లో బాలురకు హానికరములైన ప్రచురణములను నిషేధించు చట్టము వచ్చెను. ప్రధానముగా బొమ్మలతో గథ చెప్పుచు, బాలుర చేతబడదగినదై, నేరములను, క్రౌర్యమును, జుగుప్సాకరఘటనలను వారి మనస్సులు చెడునట్లు చూపు గ్రంథము దండనీయమని దాని తాత్పర్యము. ఇందువలన బీభత్సము తొలగి భయానకము మిగిలినది. రక్తమును జూపరాదు; నీడను జూపవచ్చును. శవమును జూపరాదు, తలుపు వెనుక నేదో యున్నదని సూచింపవచ్చును. రసదృష్టితో జూచినచో నీ నిర్బంధము కథలకు మేలే చేసినదని నా యభిప్రాయము.

ముద్రణరీతిని గూర్చియు నొకమాట. ఆ పత్రికల కాగితము ముతకది, అచ్చు నల్లసిరాతోడిది. ఒక్కొక్క కథకు వారమునకు రెండు మూడు పుటలు మాత్రమే లభించెడివి. పుట గడులుగా విభక్తమై, గడికొక బొమ్మ యుండును. పాత్రల సంభాషణము బుడగలలోను, కథకుని వాక్యము గడి యంచున పెట్టెలోను నచ్చుపడును. వారమునకు రెండు పుటలలో కథను కొంత జరిపి, ఆపదయందు నాయకుని విడిచి, మఱుసటి వారమునకు పాఠకుని రప్పింపవలెను. ఈ నియమమునకు లోబడనిది యా పత్రికలలో బ్రదుకజాలదు.

మన శాస్త్రములందును లోకవ్యవహారమునందును అచింత్యశక్తి గలవిగా మణి, మంత్రము, ఔషధము అను మూటిని గలిపి చెప్పుట ప్రసిద్ధము. ఇంగ్లీషు కథకులు దీని నెఱింగి వ్రాసిరని నేననను. అయినను నేను గైకొనిన మూడు కథలును ఈ మూడు శీర్షికల క్రిందను చక్కగా నొదుగుచున్నవి గావున వర్ణనసౌకర్యమునకై యా క్రమమునే యనుసరించుచున్నాను.

మణి: కెల్లీ కన్ను

'నాకౌట్' అను వారపత్రిక 1939లో బుట్టినది. అందు 1962లో 'కెల్లీస్ ఐ' యను కథ మొదలయ్యెను. 'కెల్లీ కన్ను' అని దాని యర్థము. టిమ్ కెల్లీ యను సాహసికునికి దక్షిణామెరికాలో 'జోల్టెక్ నేత్రము' అను రత్నము దొరకును. దానిని ధరించియున్నంతకాలము వానికి గాయము గాదు. తుపాకిగుండు, అగ్ని, ప్రపాతము, ఏదియు వాని నేమియు జేయజాలదు. మెడనుండి మణి జాఱినచో వాడును మనవంటివాడే.

జోల్టెక్ అను శబ్దము కల్పితము. ఆజ్టెక్, టోల్టెక్ అను నమెరికాదేశపు ప్రాచీనజాతుల నామధ్వని ననుకరించి కల్పింపబడినట్లు తోచుచున్నది. అర్థము లేకున్నను ధ్వనిచేతనే ప్రాచీనతను స్ఫురింపజేయుట దానికి బ్రయోజనము.

ఈ కథను టామ్ టల్లీ వ్రాసెను. దీనికి బొమ్మలు వ్రాసినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సిస్కో సొలానో లోపెజ్. అతడు ఆర్జెంటీనా దేశీయుడు. 1957లో మొదలై యా దేశమున మిక్కిలి ప్రఖ్యాతి గాంచిన 'ఎల్ ఎటర్నౌటా' యను చిత్రకథకు చిత్రకారుడు నతడే. లండనులోని బాలురు చదువు కథకు సముద్రమున కావలి చిత్రకారుడు బొమ్మలు వ్రాయుట యా దినములలో వింత కాదు. బ్రిటిషు ప్రకాశకులు స్పెయిను, ఇటలీ, ఆర్జెంటీనా దేశముల చిత్రకారులచే విరివిగా పని చేయించుకొనుచుండిరి. నాకౌట్ పత్రిక 1963లో 'వాలియంట్' అను పత్రికయందు లీనము కాగా కెల్లీయు దానితో నటకు వెళ్లి, మొదటినుండియు లెక్కించినచో పదేండ్లకు మించి జీవించెను.

గాయపడని నాయకుని కథయం దుత్కంఠ యెట్లు పుట్టును? ఇది సహజమైన శంక. నిజమునకు పాఠకుని చూపు కెల్లీపై నుండదు, వాని మెడలోని గొలుసుపై నుండును. శత్రువును దానినే చూచుచుండును. ఈదునపుడు, పెనగులాడునపుడు, నిద్రించునపుడు నా గొలుసు తెగునేమో యను శంకయే కథకు బ్రాణము.

మంత్రము: కర్సిటర్ డూమ్

'స్మాష్' అను పత్రిక 1966లో ఓడమ్స్ అను సంస్థచే స్థాపింపబడినది. 1969 మార్చి 15వ తేదీ సంచికతో దాని రూపము పూర్తిగా మాఱెను. క్రొత్తగా జేరిన కథలలో నొకటి 'కర్సిటర్ డూమ్'. కెన్ మెన్నెల్ దీనిని వ్రాసెను. జెఫ్ కాంపియన్, ఎరిక్ బ్రాడ్‌బరీ యనువారు బొమ్మలు వ్రాసిరి.

నాయకుడు స్థూలకాయుడు, బట్టతలవాడు, నల్లని యుత్తరీయము గప్పుకొనువాడు. అందమునుగాని యౌవనమునుగాని కథకుడు వాని కీయలేదు. బాలుర పత్రికలో నిది సాహసమే. వాని బలము దేహమున లేదు, విద్యయందున్నది. దుష్టశక్తులు లోకమును బాధించునపుడు తన మంత్రవిద్యచే వానిని నిగ్రహించుట వాని వృత్తి. దేహబలమునకు ఆంగస్ మెక్‌క్రాగన్ అను యువకుడు తోడుగా నుండును. 'స్కారబ్' అను పేరుగల కాకోలము, అనగా బొంతకాకి, వానికి పెంపుడు పక్షి. స్కారబ్ అనగా నీజిప్టు దేశమున పవిత్రమని యెంచబడిన పేడపురుగు. దాని రూపమున రక్షలు చేసి యచటివారు ధరించెడివారు. కాకికి పురుగు పేరు పెట్టుట హాస్యమువలె దోచినను, నల్లని దానికి నల్లని రక్ష పేరు పెట్టుట యుచితమే.

నాయకుని పేరు మాత్రము వ్యాకర్తకు విందు. 'కర్సిటర్' అనగా లండనులోని చాన్సరీ న్యాయస్థానమున నాజ్ఞాపత్రములను యథాక్రమముగా వ్రాసియిచ్చు లేఖకోద్యోగి. ఇట్టివా రిరువదినలుగు రుండెడివారు. ఈ యుద్యోగము 1835లో రద్దయినను, చాన్సరీ వీథి కనతిదూరమున కర్సిటర్ వీథి యను పేరు నేటికిని నిలిచియున్నది. క్రమము, నడక అను నర్థముగల 'కుర్సుస్' అను లాటినుపదమునుండి యిది పుట్టినది. 'డూమ్' అనునది ప్రాచీనాంగ్లమున తీర్పు, ధర్మము అని యర్థమిచ్చు పదము. వినాశమను నర్థము తరువాత వచ్చినది. కావున యోగార్థమున నీతడు 'తీర్పునకు లేఖకుడు'. అయితే వినువాని చెవికి మొదటి పదమున 'కర్స్', అనగా శాపము, అను శబ్దము స్ఫురించును. రెండవదాన వినాశము స్ఫురించును. న్యాయస్థానపు గుమాస్తా పేరును శాపవినాశముల పేరును నొక్క శబ్దమున నిమిడినవి. శ్లేష యనిన నిదియే. కథకునికి నీ రెండర్థములును దెలిసియుండునని నమ్మెదను. ఆ వీథి లండనులోని పత్రికాకార్యాలయములకు ఒకప్పుడు నెలవైయుండిన ఫ్లీట్ వీథికి సమీపమున నున్నది.

బ్రాడ్‌బరీ చిత్రణమును గూర్చి యొకమాట. ఇతడు 1921లో జన్మించి 2001లో గతించెను. వాలియంట్‌లోని 'మైటెక్ ది మైటీ', 'హౌస్ ఆఫ్ డాల్మన్' కథలకును, 1984లో 'స్క్రీమ్' పత్రికలో వచ్చిన 'డ్రాకులా ఫైల్' కథకును బొమ్మలు వ్రాసినవాడితడే. నల్లసిరాను విస్తారముగా వాడి, ముఖమున సగమును నీడలో ముంచి, తక్కిన సగమున కన్నును మాత్రము వెలిగించుట యితని రీతి. ముతకకాగితమున సన్నని గీతలు చెదరును, నలుపు మాత్రము నిలుచును. సాధనదోషమును గుణముగా మార్చుకొనిన శిల్పి యితడు.

స్మాష్ పత్రిక 1971లో వాలియంట్‌లో లీనమయ్యెను. దానినుండి 'జానస్ స్టార్క్' అను కథ వాలియంట్‌కు వెళ్లెను. డూమ్ వెళ్లలేదు.

ఔషధము: ఆడమ్ ఎటర్నో

'థండర్' అను పత్రిక 1970 అక్టోబరు 17వ తేదీ సంచికతో మొదలై యిరువదిరెండు సంచికలు మాత్రమే వెలువడెను. అందలి ముఖ్యకథ ఆడమ్ ఎటర్నో. 16వ శతాబ్దమున ఎరాస్మస్ హెమ్లాక్ అను రసవాది కితడు శిష్యుడు. గురువు సాధించిన యమృతరసమును దానే త్రావును. గురువు మరణించుచు వానిని శపించును: నీకు చావు లేదు, అచ్చపు బంగారముతో జేసిన యాయుధము తగిలిననే చత్తువు, అంతవఱకును దిరుగుచుండుము అని.

పేరు లిటగూడ సాభిప్రాయములే. ఆడమ్ క్రైస్తవుల యాదిపురుషుడు. నిషిద్ధమైనదానిని భుజించి శిక్ష ననుభవించినవాడు. ఈ యాడమును నిషిద్ధమైనదానిని గ్రోలినవాడే. అయితే మొదటివానికి మరణము శిక్ష, రెండవవానికి మరణాభావము శిక్ష. ఎటర్నో యనగా శాశ్వతుడు. హెమ్లాక్ అనునది విషపుమొక్క పేరు. గ్రీకుదేశమున సోక్రటీసు త్రావినది దాని రసమే. అమృతమును సాధించినవానికి విషము పేరు పెట్టుటలోని వ్యంగ్యమును విప్పి చెప్ప నక్కఱలేదు.

ఈ కథ వ్రాసినవారిలో టామ్ టల్లీ, క్రిస్ లోడర్ అనువారును, బొమ్మలు వ్రాసినవారిలో టామ్ కెర్, సొలానో లోపెజ్ అనువారును గలరు. థండర్ 1971లో లయన్‌లో లీనమయ్యెను. లయన్ 1974లో వాలియంట్‌లో లీనమయ్యెను. ఆడమ్ రెండు సంగమములను దాటి మూడు పత్రికలందు జీవించెను. వాలియంట్ సయితము 1976లో 'బాటిల్' అను యుద్ధకథాపత్రికలో గలిసిపోయినది. బలము తగ్గిన పత్రికను నిలుకడగల పత్రికలో గలిపివేయుట యా ప్రకాశకుల వాడుక. అట్టి సమయమున నే కథ నుంచవలె, నే కథను విడువవలె నను నిర్ణయము జరుగును. కథ కదియే పరీక్ష.

ఉత్సర్గము, అపవాదము

వాక్యమున కర్థబోధ కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును గావలెనని శాస్త్రము. నిప్పుతో దడుపుచున్నాడనిన పదములున్నను యోగ్యత లేదు గావున బోధ గలుగదు. గుండు తగిలియు చావలేదనుటయు నట్టిదే. అద్భుతకథకుడు మొట్టమొదట జేయవలసిన పని పోయిన యోగ్యతను మరల నిలుపుట. దానికై యతడొక నియమమును జేయును: ఈ మణి యున్నచో గాయము గాదు. ఇది యుత్సర్గము. దీనితోనే విడిచినచో యోగ్యత వచ్చినను ఆకాంక్ష చచ్చును. గాయపడనివాని కేమగునో యని యెవడు నడుగడు. అందుచే దానివెంటనే యపవాదమును జేయును: మణి జాఱినచో గాయమగును, బంగారము తగిలినచో చచ్చును. ఉత్సర్గము యోగ్యతను, అపవాదము ఆకాంక్షను సాధించుచున్నవి.

ఇక సన్నిధి. ఏడుదినముల యెడము దానిని భంగపఱచును. ప్రథమసంచికను జదువని బాలుడును నడుమ వచ్చి చేరును. ఈ దోషమునకు వారు జేసిన ప్రతీకారము మనకు జిరపరిచితమైనదే. ప్రతివారము మొదటి గడిపై నొక పెట్టెలో రెండుమూడు వాక్యములతో కథానియమమును మరల జెప్పుదురు. నేను బాల్యమున నొక్క సంచికనే చూచియు బంగారపు నియమమును జెప్పగలుగుట కిదియే కారణము. ఒకచోట నుచ్చరింపబడి తరువాతి సూత్రము లన్నిటియందు నధికరించు నధికారసూత్రము వంటిదీ పెట్టె. భేద మొక్కటే. మన విద్యార్థి సూత్రక్రమమును గంఠస్థముగా గలవాడు గావున నతనికి స్మరణచేతనే యనువృత్తి సిద్ధించును. వారపత్రికా పాఠకునికి దానిని వారవారము నచ్చువేయవలసివచ్చెను.

ఈ దృష్టితో జూచినచో డూమ్ కథకు గల క్లేశము తెలియును. కెల్లీయొక్క యవధి మణి. ఆడమ్ యొక్క యవధి బంగారము. రెండును గంటికి గనబడునవి, బొమ్మ వ్రాయదగినవి. మంత్రజ్ఞుని శక్తి కవధి యెచట? ఎంత తెలిసిన నంత బలము. అతని శత్రువును బెంచుటయే కథకునికి గతి. ఒకదానిని మించిన దుష్టశక్తి మఱియొకటి రావలెను. భయమునకు బాత్రమగుటకు డూమ్ చాలడు గావున నా భారము ఆంగస్‌పై బడినది. చిత్రకళయందును నాయకస్వరూపమునందును దక్కిన రెండింటికంటె నీ కథయే నాకు మేలుగా దోచును. అయినను సంగమమును దాటనిది యిదియే.

జానస్ స్టార్క్ దాటెను గదా యని యడుగవచ్చును. అతడు విక్టోరియా రాణి కాలపు గారడీవాడు. ఎట్టి సంకెలనుండియైనను దప్పించుకొనునట్లు వాని యెముకలు రబ్బరువలె వంగును. అతని శక్తికిని దేహమే యవధి. దానిని వ్రాసినవాడు టల్లీ, బొమ్మలు వ్రాసినవాడు సొలానో లోపెజ్. కెల్లీ, స్టార్క్, ఆడమ్ అను మువ్వురియందును నీ యిరువురి చేయి యుండుట యాదృచ్ఛికము కాదేమో. అయితే కథ యొక్క యాయుర్దాయమునకు నిర్మాణమొక్కటే కారణమని శాసింపను. బాలురు తమకు నచ్చిన కథల పేళ్లను కూపనులపై వ్రాసి పంపు పద్ధతి యా పత్రికలలో నుండెను. వారి రుచియు, సంపాదకుల యవసరములును గలిసియే నిర్ణయము జరిగియుండును. నేను జెప్పునది కారణములలో నొకటి మాత్రమే.

కర్తృనామములు

ఈ వ్యాసమున నేను కథకుల పేళ్లను, చిత్రకారుల పేళ్లను వ్రాసితిని. ఆ పత్రికలను జదివిన బాలుర కవి తెలియవు. అవి ముద్రింపబడుచుండలేదు. రచన ప్రకాశకుని సొత్తు. వ్రాసినవాడు వేతనము గొని మఱుగుననుండెడివాడు. 1977లో మొదలైన '2000 ఏడీ' యను పత్రికలో కర్తల పేళ్లను వేయుట యలవాటైన తరువాతనే పరిస్థితి మాఱెను. పూర్వపు పేళ్లను తరువాతి పరిశోధకులు కొన్నిటిని శైలినిబట్టియు, కొన్నిటిని పనిచేసినవారి స్మృతులనుబట్టియు సంపాదించిరి. తాళపత్రముల గద్యలు లుప్తమైనపుడు కర్తృనిర్ణయమునకై మనము పడు పాట్లు నెఱిగినవారి కీ శ్రమ క్రొత్తది కాదు. యాబదియేండ్లనాటి యచ్చుకాగితమునకే యిట్టి గతి పట్టినపుడు, చిల్లరవని తలచి మనము విడిచిన యచ్చుపుస్తకముల గతి యేమని నాకు బెంగ గలుగుచున్నది. బాలుర బొమ్మల కథలకీ పత్రికలో దావేల యను ప్రశ్నకు నా సమాధాన మిదియే. చిన్నదని విడిచినచో మొదట కర్త పోవును. పిదప గ్రంథము పోవును.

అచట కొంత యుద్ధరణము జరిగినది. 2005, 2006 సంవత్సరములలో 'ఆల్బియన్' అను పేర నా పాతనాయకులను గూర్చియే క్రొత్త చిత్రకథ యొకటి వచ్చెను. దానివలన బుట్టిన యాసక్తిచే 2007లో 'ఆల్బియన్ ఆరిజిన్స్' అను సంపుటమున కెల్లీ, డూమ్, స్టార్క్ కథలలో గొన్ని పునర్ముద్రితములయ్యెను. పిమ్మట 'రెబెలియన్' అను సంస్థ యా పాత పత్రికల స్వామ్యమును 2016లో గొంతయు, 2018లో గొంతయు గొని, కథలను గ్రంథములుగా వెలువరింపసాగెను. 2021లో ఆడమ్ ఎటర్నో సంపుటము వచ్చెను.

ఉపసంహారము

ఆ సంపుటమున గథ యొక్క యారంభమును మొట్టమొదటిసారిగా జదివితిని. శాపము తగిలిన యాడమ్ శతాబ్దముల తరబడి జీవించి 1970వ సంవత్సరమునకు వచ్చును. అచట వానికొక ధనికుని మోటారుకారు గ్రుద్దుకొనును. ఆ కారు బంగారుపూత గలది.

నా బాల్యమున మా గురువు గారడిగిన ప్రశ్న యదియే. పూతను బంగారమనుట యుపచారము, మాణవకుని సింహమనుటవంటిది. ముఖ్యార్థము, గౌణార్థము రెండును బ్రసక్తమైనపుడు కార్యము ముఖ్యమునకే యని మన సంప్రదాయము. ఆ లెక్కను ఆడమ్‌కు నేమియు గారాదు. పూతయు బంగారమే యందుమా, వాడు చావవలెను. కథకుడు రెండింటిని విడిచి మూడవదానిని విధించెను. వాడు చావలేదు, మునుపటివలె నుండనును లేదు. కాలప్రవాహమునుండి యూడి, ఒకప్పుడు గతమునను నొకప్పుడు భవిష్యత్తునను బడుచు దిరుగువాడాయెను. తరువాతి సంవత్సరములలోని కథలన్నియు నీ యొక్క సందేహస్థలమునుండి వెలువడినవే.

నేనింతవఱకు నపవాదము కథకు బ్రాణమని వ్రాసితిని. దానిని గొంత సవరింపవలసియున్నది. ఉత్సర్గమెంతవఱకు, అపవాదమెంతవఱకు నని నిశ్చయింపరాని యెల్ల యొకటి యుండును. కథ నిజముగా బుట్టునది యచట. శాస్త్రమున వ్యాఖ్యానము పుట్టునదియు నచటనే. సూత్రమును వల్లించు విద్యార్థిని, దాని యంచున నిలిచి ప్రశ్న యడుగు విద్యార్థిని వేఱుపఱచునదియు నదియే.

తెలిసినపుడు వచ్చి చెప్పుమని మా గురువుగారాజ్ఞాపించిరి. తెలియునప్పటికి వారు లేరు. వారి కొట్టడిలోని కౌముది ప్రతి యిప్పుడు నాయొద్ద నున్నది. కృత్ప్రకరణమున నొకచోట ఆ లయన్ సంచికయొక్క పుట యొకటి మడతలు విఱిగి, అంచులు పొడియై మిగిలియున్నది. నేను మఱచి విడిచినదానిని వారు దీసి పాఱవేయలేదు.